మూసిందెవరు? అమెరికా ప్రభుత్వ మూతల్లో నిందల చరిత్ర

2025 అక్టోబరులో నా పాత విద్యార్థి ఒకడు వర్జీనియా నుంచి ఫోను చేశాడు. పదో తరగతి దాకా నా దగ్గర తెలుగు చదువుకున్న కుర్రాడు. ఇప్పుడు అక్కడ కంప్యూటరు ఉద్యోగం. కంపెనీ మారదామనుకున్నాడు. అతని వీసాలో ఉన్నవాళ్ళు అలా మారాలంటే కొత్త యజమాని ముందుగా అక్కడి కార్మిక శాఖకు ఒక దరఖాస్తు పెట్టి, ఇంత జీతం ఇస్తానని, స్థానిక కార్మికులకు నష్టం కలిగించనని హామీ ఇచ్చి ఆమోదం తెచ్చుకోవాలి. ఆ దరఖాస్తులు చూసే విభాగం అక్టోబరు 1న మూతపడింది. 2013లో కూడా అలాగే మూతపడిందట. పాత ఉద్యోగం వదల్లేక, కొత్తది పట్టుకోలేక అతను మధ్యలో నిలబడ్డాడు.

"ఇంతకీ మూసిందెవరు మాస్టారూ? టీవీ పెడితే ఒకడు వాళ్ళు మూశారంటాడు, ఇంకొకడు వీళ్ళు మూశారంటాడు" అని అడిగాడు.

నేను రాజనీతిశాస్త్రం చదివినవాణ్ణి కాను. నాది ఎమ్మే తెలుగు. అయితే అతనడిగింది నాకు తెలిసిన శాస్త్రంలోని ప్రశ్నేనని ఫోను పెట్టేశాక తోచింది. 'మూశారు' అన్నామంటే కర్త ఉన్నాడు, ఎవరని అడగవచ్చు. 'మూయబడింది' అంటే కర్త ఉన్నాడు గాని చాటుకు పోయాడు. 'మూతపడింది' అంటే ఆ బెడదే లేదు. పొద్దు వాలితే తామర ముడుచుకున్నట్టు దానంతటదే జరిగిపోయింది. మన పత్రికలన్నీ ఆ నెలలో మూడో వాక్యమే రాశాయి. పైన నేనూ అదే రాశాను. అమెరికా రాజకీయ నాయకులు మాత్రం రాత్రింబవళ్ళు మొదటి వాక్యమే పలికారు, ఎదుటివాణ్ణి కర్తగా పెట్టి. ఈ వాక్యానికి ఒక చరిత్ర ఉంది. దాన్ని నాకు తెలిసినంతలో చెప్పడానికే ఈ వ్యాసం.

ప్రజల డబ్బు ఖర్చు పెట్టాలంటే ప్రజాప్రతినిధుల అనుమతి కావాలన్న సూత్రం గొప్ప పోరాటంలోంచి వచ్చింది. డబ్బు అడగవలసి వస్తుందనే ఇంగ్లండు రాజు మొదటి చార్లెస్ 1629 నుంచి 1640 దాకా పార్లమెంటునే పిలవకుండా ఏలాడు. ఆ గొడవ చివరికి అతని తల దాకా వచ్చింది. 1787లో అమెరికా రాజ్యాంగం రాసినవాళ్ళు ఆ అనుభవాన్ని గుర్తుంచుకునే, చట్టం ద్వారా కేటాయిస్తే తప్ప ఖజానా నుంచి డబ్బు తియ్యరాదని రాసిపెట్టారు. అధికారం చేతిలో ఉన్నవాడి మెడకు కట్టిన తాడు అది.

అయినా అధికారులు ఆ తాడును వదులు చేసుకుంటూనే వచ్చారు. శాఖలు ముందుగా ఖర్చు పెట్టేసి, అప్పు మీద పడిందని తర్వాత కాంగ్రెసు ముందుకు వచ్చేవి. ఇవ్వక ఏం చేస్తారు? దాన్ని ఆపడానికి 1870లో ఒక చట్టం వచ్చింది. 1884లో దానికి మరో నిబంధన చేరింది: ప్రభుత్వం ఎవరి దగ్గరా జీతం లేని సేవ స్వీకరించరాదు, అత్యవసర పరిస్థితిలో తప్ప. ఈ నిబంధన వెనక దయాధర్మం ఏమీ లేదు. ఊరికే చేస్తామని పనిచేసినవాళ్ళు తర్వాత వచ్చి జీతం అడుగుతున్నారు, అదీ బాధ.

ఇక్కడొక సంగతి గమనించాలి. ఈ చట్టం పుట్టాక దాదాపు నూరేళ్ళ పాటు దాని పేరు చెప్పి ఎవరూ ప్రభుత్వాన్ని మూయలేదు. 1976 నుంచి 1979 దాకా ఆరుసార్లు నిధుల గడువు తీరిపోయింది, ఎనిమిది రోజుల నుంచి పదిహేడు రోజుల దాకా. 1977లోనే మూడుసార్లు. పేద స్త్రీల గర్భస్రావానికి ప్రభుత్వ వైద్యనిధి నుంచి డబ్బివ్వాలా వద్దా అన్న దానిపై రెండు సభలు తగువుపడ్డాయి. రెండు సభల్లోనూ డెమోక్రాట్లదే ఆధిక్యం. అధ్యక్షుడు కార్టరూ డెమోక్రాటే. అప్పుడు కార్యాలయాలు కొంత పొదుపు పాటించి పనిచేస్తూనే పోయాయి. ఎలాగూ నాలుగు రోజుల్లో డబ్బు మంజూరవుతుంది, మూయమని కాంగ్రెసు ఉద్దేశం కాదు గదా అని అధికారులు అనుకున్నారు. మూత లేదు కనక మూసినవాడెవరన్న ప్రశ్నా లేదు.

1980 ఏప్రిల్లో కార్టర్ ప్రభుత్వ అటార్నీ జనరల్ బెంజమిన్ సివిలెట్టి ఆ పాత చట్టానికి కొత్త వ్యాఖ్య రాశాడు. కేటాయింపు లేని రోజున శాఖ పనిచెయ్యరాదు, తలుపులు సక్రమంగా మూసుకోవడానికి తప్ప వేరే పనికి వీల్లేదు, కాదన్న అధికారి మీద కేసు పెడతాం అన్నాడు. మే 1న ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఒక్కరోజు మూశారు. 1981 జనవరిలో సివిలెట్టే కొంత సడలించి, ప్రాణానికీ ఆస్తికీ రక్షణ ఇచ్చే పనులు సాగవచ్చునన్నాడు. అక్షరం మారలేదు, అర్థం మారింది. మల్లినాథసూరి వ్యాఖ్య రాసినందువల్ల కాళిదాసు శ్లోకం మారిపోలేదు. ఈ వ్యాఖ్యాత మాత్రం మూలాన్నే తిరగరాసినంత పని చేశాడు. తన మాట రాజకీయపు ఎత్తుగడకు పనికొస్తుందని, ఇన్నేసి రోజులు సాగే మూతలకు దారి తీస్తుందని తాను ఊహించలేదని ఆయన చాలా ఏళ్ళ తర్వాత ఒక పత్రికతో అన్నాడు. ఆ మాట నేను నమ్ముతాను. చట్టాన్ని కచ్చితంగా పాటించాలనుకున్న న్యాయవాదిగానే కనిపిస్తాడు ఆయన. ఆయుధం తయారుచేసినవాడూ వాడినవాడూ ఎప్పుడూ ఒకరే కానక్కర్లేదు.

వాడినవాడు ఎక్కువ కాలం తీసుకోలేదు. 1981 నవంబరు 23న రీగన్ ఒక నిధుల బిల్లును వీటో చేసి, సుమారు 2,41,000 మంది ఉద్యోగులను ఇంటికి పంపాడు. కాంగ్రెసు దుబారా బిల్లు పంపిందని అతనంటాడు, సంతకం పెట్టనిది అతను గదా అని కాంగ్రెసంటుంది. ఈ నాటకానికి నాంది అదే. దాన్ని చదివేటప్పుడు అంతకు మూడు నెలల ముందటి ముచ్చట మరిచిపోకూడదు. ఆ ఆగస్టులో జీతాల కోసం, పని గంటల కోసం విమాన నియంత్రణ ఉద్యోగులు సమ్మె కట్టారు. ప్రభుత్వోద్యోగి పని ఆపడం నేరమని ఇదే రీగన్ పదకొండు వేల మందికి పైగా ఉద్యోగాలు ఊడగొట్టాడు. నవంబరులో అతను రెండు లక్షల నలభై వేల మంది పని ఆపించాడు. పని ఆపడం నేరమా కాదా అన్నది ఆపినవాడెవడన్న దాన్ని బట్టి ఉంటుందని ఆ ఏడాది తేలిపోయింది.

1990లో పెద్ద బుష్ కాలంలో ఒక సెలవు వారాంతంలో మరోటి జరిగింది. దాని మీద ఆగనక్కర్లేదు. నింద ఒక కళగా ఎదిగింది 1995లో. కాంగ్రెసు రిపబ్లికన్లది, స్పీకరు న్యూట్ గింగ్రిచ్; అధ్యక్షుడు డెమోక్రాట్ క్లింటన్. వృద్ధుల వైద్యబీమా మీద, బడ్జెట్ కోతల మీద తగువు. నవంబరు 14న మొదటి మూత. ఎనిమిది లక్షల మంది ఇళ్ళకు పోయారు. అంతకు కొద్ది రోజుల ముందే ఇజ్రాయెల్ ప్రధాని రాబిన్ అంత్యక్రియలకు నాయకులందరూ అధ్యక్షుడి విమానంలో వెళ్ళివచ్చారు. విమానంలో క్లింటన్ తనతో మాట్లాడలేదని, దిగేటప్పుడు వెనక మెట్ల మీదుగా పంపారని, బిల్లు అంత కఠినంగా తయారవడానికి అదీ ఒక కారణమని గింగ్రిచ్ విలేఖరులతో అన్నాడు. మర్నాడు న్యూయార్క్ డైలీ న్యూస్ మొదటి పేజీ నిండా అతన్ని గోచీ కట్టుకుని ఏడుస్తున్న పసివాడిగా గీశారు. ఆ విమానంలో క్లింటన్ అతనితో మాట్లాడుతున్న ఫొటో ఒకటి వైట్‌హౌస్ వెతికి బయటపెట్టింది. వాదాలు ఎన్ని ఉన్నా అవతల పడేసి జనం ఆ బొమ్మను గుర్తుపెట్టుకున్నారు. కార్టూను వేసేవాళ్ళు మనలో ఎవరైనా ఉంటే ఇది చదివి కాసేపు గర్వపడవచ్చు. అయితే ఆ బొమ్మ చేసిన ఇంకో పని కూడా ఉంది. అది ఎనిమిది లక్షల మంది జీతాల సంగతిని ఇద్దరు మగవాళ్ళ మధ్య అలకగా మార్చింది.

డిసెంబరు 16న మొదలైన రెండో మూత 21 రోజులు సాగింది. సుమారు 2,84,000 మంది ఇళ్ళలో ఉంటే, మరో నాలుగు లక్షల డెబ్భై వేలకు పైగా జీతం రాకుండానే పనిచేశారు. ఎక్కువ మంది జనం తప్పు రిపబ్లికన్లదేనన్నారు. 1996లో క్లింటన్ మళ్ళీ గెలిచాడు. రెండు పార్టీలూ ఇందులోంచి పాఠం నేర్చుకున్నాయి. మూత రాకుండా చూడాలని కాదు, వచ్చినప్పుడు అది ఎదుటివాడి పేరు మీద ఉండాలని.

అందుకే ఆ తర్వాత నిందకు సంఘటన కోసం ఆగే పని లేకపోయింది. 2013లో ఒబామా తెచ్చిన ఆరోగ్య బీమా చట్టాన్ని ఆపాలని రిపబ్లికన్లు నిధుల బిల్లుకు ముడిపెట్టారు. గడువుకు వారం ముందు సెనేటర్ టెడ్ క్రూజ్ ఇరవయ్యొక్క గంటలు నిలబడి మాట్లాడి, ఆ మధ్యలో డాక్టర్ స్యూస్ రాసిన పిల్లల కథ ఒకటి చదివాడు. సాహిత్యానికి శాసనసభలో ఆ మాత్రం చోటు దొరికింది! అక్టోబరు 1న తలుపులు మూశారు. ఒబామా ఆ రోజే దానికి 'రిపబ్లికన్ల మూత' అని పేరు పెట్టాడు.

అప్పుడు వాషింగ్టన్‌లో జరిగిన ఒక చిన్న ఘట్టం నా మనసులో నిలిచిపోయింది. రెండో ప్రపంచ యుద్ధ స్మారకానికి కంచె అడ్డం పెట్టారు. చూడడానికి వచ్చిన ముసలి సైనికులు వెలుపల నిలబడ్డారు. టెక్సస్ నుంచి ఎన్నికైన ఒక రిపబ్లికన్ సభ్యుడు టీవీ కెమెరాల ముందు, అక్కడ కాపలా ఉన్న పార్కు ఉద్యోగిని దగ్గరికి వెళ్ళి, వీళ్ళను లోపలికి ఎందుకు రానివ్వరు, మీ శాఖ సిగ్గుపడాలి అని గద్దించాడు. సిగ్గుపడనని ఆమె నెమ్మదిగా చెప్పింది. పక్కనే ఉన్న ఒకాయన, పని లేక ఇంటికి పంపిన ఉద్యోగి, కలగజేసుకుని ఇది ఆమె తప్పు కాదు, మీ కాంగ్రెసు పని చెయ్యనందువల్లే గదా అన్నాడు. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు అని మన ఆడవాళ్ళు వెనకటికే అన్నారు. ఇక్కడ ఇంకో మెట్టు పైకి పోయింది సంగతి. దుత్తను పగలగొట్టినవాడే దుత్తను సిగ్గుపడమంటున్నాడు.

జీతం ఆగడమంటే ఏమిటో నాకు పుస్తకాల్లోంచి తెలియలేదు. నెల జీతం పదిహేనో తేదీ దాటినా రాని రోజులు మా స్టాఫ్‌రూములోనూ ఉన్నాయి. ఆ రోజుల్లో ఒక సంఘంవారు పై ప్రభుత్వాన్ని, ఇంకో సంఘంవారు వెనకటి ప్రభుత్వాన్ని తిట్టుకునేవాళ్ళు. మా అటెండరు మాత్రం వాదంలోకి రాకుండా, ఎవరి దగ్గరైనా ఐదొందలుంటాయా అని ఒక్కొక్కరి దగ్గరికీ వచ్చి చెవిలో అడిగిపోయేవాడు.

2018లో ఈ విద్య అలంకారశాస్త్రంలోకి అడుగుపెట్టింది. జనవరిలో మూడు రోజుల మూత. చిన్నతనంలో పత్రాలు లేకుండా వచ్చిన వలస బిడ్డలకు రక్షణ కావాలని డెమోక్రాట్లు పట్టుబట్టి ఓటు నిరాకరించారు. సెనేట్‌లో వాళ్ళ నాయకుడు చక్ షూమర్. ఆ పేరుకు 'షట్‌డౌన్' చక్కగా అతికింది. 'షూమర్ షట్‌డౌన్' అని రిపబ్లికన్లు ఊదరగొట్టారు. వృత్త్యనుప్రాసకు ఇంతకంటే మంచి ఉదాహరణ నేను క్లాసులో చెప్పలేను. అవతలివాళ్ళు 'ట్రంప్ షట్‌డౌన్' అన్నారు గాని అందులో ప్రాస కుదరలేదు. ఆ రోజుల్లో వైట్‌హౌస్‌కు ఫోను చేసి అభిప్రాయం చెప్పాలనుకున్నవాళ్ళకు, డెమోక్రాట్ల మూలంగా మీ ఫోను తీయలేకపోతున్నామన్న అర్థం వచ్చే రికార్డు వినిపించేది. దీన్ని పాఠకులు గుర్తుంచుకోవాలి. మళ్ళీ దీనితో పని ఉంది.

అదే ఏడాది డిసెంబరు 11న వింత జరిగింది. సరిహద్దు గోడకు డబ్బిస్తారా లేదా అని షూమర్‌తోనూ, నాన్సీ పెలోసీతోనూ కెమెరాల ముందే వాదులాడుతూ, మూత బాధ్యత నేనే తీసుకుంటాను, గర్వంగా తీసుకుంటాను, మిమ్మల్ని నిందించను అని ట్రంప్ అనేశాడు. ఈ చరిత్ర మొత్తంలో కర్త తనంతట తాను వచ్చి వాక్యంలో కూర్చున్న సందర్భం నాకు మరొకటి కనిపించలేదు. మూత మొదలవగానే ఆ మాట పోయింది. తప్పు మళ్ళీ డెమోక్రాట్లదే అయింది. 2018 డిసెంబరు 22 నుంచి 35 రోజులు సాగింది. ఎనిమిది లక్షల మందిలో సగానికి పైగా జీతం లేకుండా పనికి పోయారు.

అది ఎలా ముగిసిందో చూడండి. వాదనలో ఎవరూ గెలవలేదు. 2019 జనవరి 25 ఉదయం విమాన నియంత్రణ కేంద్రాల్లో కొద్దిమంది ఉద్యోగులు రాలేదు. న్యూయార్క్ లగ్వార్డియా విమానాశ్రయానికి విమానాలు కాసేపు ఆగిపోయాయి. మధ్యాహ్నానికి ట్రంప్ గోడ డబ్బు లేకుండానే మూత ఎత్తేశాడు. రీగన్ 1981లో ఎవరి ఉద్యోగాలు తీసేశాడో, ఆ పనిలో ఉన్న తర్వాతి తరం వాళ్ళు వీళ్ళు. సమ్మె అనలేదు, జెండా పట్టలేదు. రాలేదు, అంతే. నెల రోజుల పైబడి ఎవరు కర్త అని కొట్లాడిన దేశానికి ఒక పూట కర్తలు కనిపించారు. ఈ ఘట్టానికి దక్కవలసినంత చోటు పత్రికల్లో దక్కలేదని నా అభిప్రాయం.

మన దగ్గర ఇలా ఎందుకు జరగదని కొందరు మిత్రులు అడుగుతుంటారు. మన రాజ్యాంగం 114వ అధికరణం కూడా చట్టం లేనిదే డబ్బు తియ్యరాదనే అంటుంది. అయితే ఇక్కడ లోక్‌సభ డబ్బు కాదంటే మంత్రివర్గమే పోతుంది. ఒకరి మీద ఒకరు తప్పు నెట్టుకుంటూ ఇద్దరూ కుర్చీల్లో కూర్చునే సౌకర్యం లేదు. 1999 ఏప్రిల్ 17న వాజపేయి ప్రభుత్వం ఒక్క ఓటుతో పడిపోయినప్పుడు కూడా తర్వాత కొద్ది రోజుల్లో బడ్జెట్‌ను చర్చ లేకుండా ఆమోదించి గండం గట్టెక్కించారు. ఇది చెప్పుకుని మురిసిపోనక్కర్లేదు. కోట్ల రూపాయల లెక్కను ఒక్క మాట మాట్లాడకుండా దాటించెయ్యడం మనకు గండాలు లేనప్పుడు కూడా అలవాటే.

ఇక 2025. రెండు సభలూ రిపబ్లికన్లవి, అధ్యక్షుడు ట్రంప్. సెనేట్‌లో నిధుల బిల్లు ముందుకు కదలాలంటే అరవై ఓట్లు కావాలి; అన్ని లేవు. ఆ ఏడాది చివరికి గడువు తీరిపోయే ఆరోగ్య బీమా రాయితీలను పొడిగించనిదే ఓటెయ్యమన్నారు డెమోక్రాట్లు. ముందు తలుపులు తెరిచాక మాట్లాడదాం అన్నారు వీళ్ళు. ఎవరి మాటలో నిజం ఎంత అంటే, ఓటు నిరాకరించిన మాట నిజం, అధికారమంతా చేతిలో పెట్టుకుని మాట్లాడడానికి నిరాకరించిన మాటా నిజం. నా తూకంలో రెండోది కొంచెం బరువు. లక్షల కుటుంబాల వైద్యపు ఖర్చును గూర్చి చర్చ అడగడం, గోడ కట్టడానికి డబ్బడగడం ఒకటే అని నేననుకోను. కాని ఏ కోరిక కోసమైనా సరే, తాకట్టు పెట్టింది మాత్రం ఆ ఉద్యోగుల జీతమే. ఇది డెమోక్రాట్లు కూడా కాదనలేరు.

సెప్టెంబరు 30న, ఇంకా గడువు తీరకుండానే, గృహనిర్మాణ శాఖ వెబ్‌సైటు నెత్తిన ఎర్ర పట్టీ ఒకటి వెలిసింది. తీవ్ర వామపక్షం ప్రభుత్వాన్ని మూయబోతోందని దాని సారాంశం. భవిష్యత్కాల క్రియ; కర్తను మాత్రం అప్పుడే అచ్చు వేసేశారు. విమానాశ్రయాల్లో తప్పు డెమోక్రాట్లదని చెప్పే వీడియో వెయ్యమంటే కొన్ని విమానాశ్రయాలు వెయ్యమన్నాయి.

వీటన్నిటి కంటే రచయితలు పట్టించుకోవలసింది విద్యాశాఖలో జరిగింది. ఇంటికి పంపిన ఉద్యోగులు, తమకు ఉత్తరం రాసినవాళ్ళకు దానంతటదే వెళ్ళే జవాబు ఒకటి పెట్టుకుని పోయారు: నిధులు లేక సెలవులో ఉన్నాను, తిరిగి వచ్చాక జవాబిస్తాను అని, ఏ పార్టీ పేరూ లేకుండా. వాళ్ళు వెళ్ళాక వాళ్ళకు చెప్పకుండానే ఆ జవాబు మార్చారు. నన్ను సంప్రదించినందుకు కృతజ్ఞతలు, సెనేట్‌లో డెమోక్రాట్లు బిల్లును అడ్డుకుంటున్నందువల్ల నేను జవాబివ్వలేకపోతున్నాను అన్న ధోరణిలో కొత్త మాటలు పెట్టారు. 'నేను' అలాగే ఉంది. ఆ 'నేను' మాత్రం ఉద్యోగిది కాదు. కొందరు దాన్ని సరిదిద్దుకున్నారు, మళ్ళీ మార్చారు. ఉద్యోగులు పార్టీ రాజకీయాల్లోకి దిగకూడదని 1939 నుంచి చట్టం ఉన్న దేశంలో, జీతం ఆపిన ఉద్యోగి నోటితో పార్టీ నినాదం పలికించారు. 2018లో వైట్‌హౌస్ తన ఫోనులో తన గొంతుతో తిట్టింది. ఏడేళ్ళలో అది గుమాస్తా సంతకం దాకా వచ్చింది.

ఉత్తమ పురుష కథనం గురించి మనం చాలా చర్చించుకున్నాం. కథలో 'నేను' రచయితేనా, పాత్రా, రెండూనా అని సభల్లో పొద్దుపోయేదాకా వాదించుకున్నాం. మనిషిని ఇంటికి పంపి అతని 'నేను'ను కార్యాలయంలో ఉంచుకుని వాడుకునే ప్రక్రియ ఒకటి ఉండగలదని మాత్రం మనలో ఎవరికీ తోచలేదు. ఉద్యోగుల సంఘం కోర్టుకు వెళ్ళింది. నవంబరు 7న న్యాయమూర్తి క్రిస్టఫర్ కూపర్ అది వాక్‌స్వాతంత్ర్యానికి విరుద్ధమని చెప్పి ఆ మాటలు తీసెయ్యమన్నాడు. వాక్‌స్వాతంత్ర్యమంటే మాట్లాడే హక్కే అనుకుంటాం సాధారణంగా. తాను అనని మాట తన నోట పెట్టించుకోకుండా ఉండే హక్కు కూడా అందులో ఉంది.

నవంబరు 12 రాత్రి మూత ముగిసింది. 43 రోజులు, అప్పటిదాకా వచ్చిన వాటన్నిటికంటే పొడవు. ఎనిమిది మంది సెనేటర్లు ఇవతల నుంచి అటు ఓటేశారు. ఈసారీ విమానాలే ముందుకొచ్చాయి. నియంత్రణ సిబ్బంది చాలక నలభై పెద్ద విమానాశ్రయాల్లో రాకపోకలు తగ్గించారు. నాలుగు కోట్ల ఇరవై లక్షల మంది పేదలకు నవంబరు ఆహార సాయం కోర్టుల మధ్య ఊగిసలాడింది. ఏ రాయితీ కోసం గొడవ మొదలైందో అది డిసెంబరు 31తో గడువు తీరిపోయింది.

వాక్యంలో కర్త కోసం ఇంత యుద్ధం జరుగుతుంటే కర్మ సంగతి అడిగేవాడు లేడు. మన భాషలో ఆ మాటకు రెండో అర్థం కూడా ఉంది గదా, అది కూడా సరిపోతుంది. ప్రభుత్వోద్యోగులకు ఆగిన జీతం తర్వాత ఇచ్చి తీరాలని 2019లో చట్టం చేశారు. మంచిదే. ఆ కార్యాలయాల నేల తుడిచేవాళ్ళు, క్యాంటీన్లలో వండి వడ్డించేవాళ్ళు, గుమ్మాల దగ్గర కాపలా కాసేవాళ్ళు చాలామంది కాంట్రాక్టర్ల మనుషులు. తలుపు మూస్తే వాళ్ళకూ పని పోతుంది. తెరిచాక ఆ రోజుల కూలి వాళ్ళకు ఇచ్చి తీరాలని ఆ చట్టంలో లేదు.

నా విద్యార్థి మళ్ళీ ఫోను చేశాడు. కార్మిక శాఖ ఆ విభాగాన్ని అక్టోబరు 31న తిరిగి తెరిచిందని, కాగితం వచ్చిందని చెప్పాడు. పాత ఆఫీసు ఉన్న మేడలో కింద ఒక ప్రభుత్వ కార్యాలయం ఉండేదట. రోజూ పొద్దున అక్కడ ఊడ్చే ఒకావిడ ఇతనికి నమస్కారం పెట్టేది. నెలన్నరగా కనపడలేదు, ఇప్పుడు వేరే మనిషి వస్తోందన్నాడు.